చేతి తొడుగులు

గత వేసవిలో మేము, మా అబ్బాయి కుటుంబం అమెరికాలో ఆర్‌వీలో ప్రయాణించాము. వంటగది, మంచాలు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి అది. ఆ రోజు టెక్సాస్‌లోని అమరిల్లో నుండి ఆల్బుకర్కీకి దాదాపు 290 మైళ్లు వెళ్లాలి.

ప్రార్థన చేసుకుని పనిలో దిగాము. టైర్లలో గాలి ఉదయమే చూడాలి. బండి నడిస్తే వేడెక్కి కొలత ఎక్కువ చూపిస్తుంది. గ్యాసు కట్టేయాలి. చివరిది మరుగుదొడ్డి ట్యాంకు. ముందు అది వదిలి, తరువాత స్నానపు నీళ్లు వదలాలి. గొట్టాన్ని ఆ సబ్బునీళ్లే కడుగుతాయి.

“మీరు వద్దు నాన్నగారూ” అన్నాడు అబ్బాయి. అయినా తొడుగులు వేసుకుని మేమే పిడి లాగాము. చుక్క బయట పడలేదు. వాసనకే ముఖం తిప్పుకున్నాము.

మా సంఘంలో ఇద్దరు పారిశుధ్య కార్మికులున్నారు. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా దిగుతున్నారు, చనిపోతున్నారు. ఇన్నేళ్లుగా ఆ చేతులకు ప్రభువు బల్లలో రొట్టె అందించాము గాని, తొడుగులున్నాయా అని అడగలేదు.

దారిలో ఏడ్రియన్ అనే చిన్న ఊరు. పాత రూట్ 66కు అది నడిమధ్య. అటు షికాగో, ఇటు లాస్ ఏంజలెస్ చెరి 1139 మైళ్లని బోర్డు. న్యూమెక్సికోలో అడుగుపెట్టగానే గడియారం గంట వెనక్కి జరిగింది. ఫోన్ చేద్దామంటే ఇండియాలో అర్ధరాత్రి.

రాత్రి ఆల్బుకర్కీ చేరాక చేశాము. అక్కడ తెల్లవారింది. అతడు నవ్వాడు. “ఇచ్చారు అయ్యగారూ. తడిస్తే జారిపోతాయని తీసేస్తాం.”

ఏ సైజు కావాలో అడిగి రాసుకున్నాము.