కారుకూ ఓ మతిమరుపు!

సంక్రాంతికి కుటుంబమంతా కోనసీమ ప్రయాణం. అదృష్టం బాగుండి రైలు టికెట్లు దొరికాయి. కారు మాత్రం హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. 'పదిహేను రోజులు కదలదు, బ్యాటరీ దిగిపోతుందేమో' అన్న బెంగతో ఇంటాయన బానెట్ ఎత్తి నెగటివ్ వైరు ఊడదీసి మరీ బయల్దేరతాడు. తిరిగొచ్చి బిగించగానే బండి ఠక్కున స్టార్టవుతుంది. హమ్మయ్య అనుకుని ఆఫీసుకు బయల్దేరితే... లీటరుకు 16 చూపించే మీటరు 11 అంటుంది! సిగ్నల్ దగ్గర ఇంజిన్ సన్నగా వణుకుతుంది. సాయంత్రం షెడ్డుకి తీసుకెళ్తే 'ఇంజెక్టర్లు కడగాలి సార్, సెన్సర్ కూడా పోయినట్టుంది' అన్న మాట. వేలల్లో బిల్లు!

ఆగండి. బహుశా ఏదీ పోలేదు. కారు కాస్త మర్చిపోయింది, అంతే.

కార్బ్యురేటర్ల రోజుల్లో గాలి, పెట్రోలు పాళ్లను మెకానిక్ స్క్రూ తిప్పి సరిచేసేవాడు. ఇప్పుడా పని ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌ది. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ 'ఎక్కువైంది, తక్కువైంది' అని చెబుతుంటే ఈసీయూ క్షణక్షణం సర్దుతుంటుంది. పాత కుక్కర్‌కి ఎసరు ఎంత పొయ్యాలో ఇల్లాలికి కొలత అక్కర్లేదు కదా! అలాగే కొన్నాళ్లకు ఈసీయూకి కూడా ఆ బండి తీరు తెలిసిపోతుంది. ఫిల్టర్ ఎంత మురికిపట్టింది, ఇంజెక్టర్ ఎంత అరిగింది... అన్నీ లెక్కేసి గుర్తుపెట్టుకుంటుంది. చాలా కార్లలో ఆ జ్ఞాపకం బ్యాటరీ కరెంటు మీదే నిలబడుతుంది. వైరు తీస్తే తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ కంపెనీ నేర్పిన పాఠంతో మొదలు! కొన్ని మోడళ్లలో ఈ లెక్కలు కరెంటు పోయినా చెరగవు. ఆటోమేటిక్ గేరుబాక్సులు కొన్నింటికి మాత్రం గేర్లు మార్చే తీరు కూడా మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది.

అయితే నిజంగా తగ్గే మైలేజీ మీటరు భయపెట్టినంత ఉండదు. ఇంజిన్ వేడెక్కగానే ఆక్సిజన్ సెన్సర్ రంగంలోకి దిగుతుంది. అసలు చిక్కు మీటరుతోనే. బ్యాటరీ తీస్తే చాలా కార్లలో సగటు మైలేజీ లెక్క కూడా సున్నాకొస్తుంది. వేల కిలోమీటర్ల సగటు పోయి, చల్లటి ఇంజిన్‌తో ట్రాఫిక్‌లో నడిచిన నాలుగు కిలోమీటర్ల లెక్క మిగులుతుంది. అది 11 చూపించక 16 చూపిస్తుందా! సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగే ఇంజిన్లున్న కార్లలో ఇంకో తంటా. బ్యాటరీలో ఛార్జింగ్ ఎంతుందో మళ్లీ అంచనా కుదిరేదాకా ఆ సదుపాయం పనిచేయదు. నిలబడ్డంతసేపూ పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

అసలు దొంగ వేరే చోట ఉండొచ్చు కూడా. వారాల తరబడి నిలబడ్డ బండి టైర్లలో గాలి తగ్గుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే బ్రేకు షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. కొంతదూరం నడిపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి (ముట్టుకోకండి సుమా!). ఒక్కటే సెగలు కక్కుతుంటే జ్ఞాపకశక్తిని తిట్టి లాభం లేదు, బ్రేకు చూపించాలి.

ముందు టైర్లలో గాలి పట్టించండి. తర్వాత ఊళ్లోనూ, రింగురోడ్డు మీదా కలిపి ఓ వంద, నూటయాభై కిలోమీటర్లు మామూలుగా నడపండి. ఈలోగా వణుకు దానంతటదే సర్దుకుంటుంది. మీటరును నమ్మకుండా ట్యాంకు నింపించి, ట్రిప్పు మీటరు సున్నా చేసి, మళ్లీ అదే బంకులో నింపించినప్పుడు తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. రెండు ట్యాంకుల తర్వాత కూడా లెక్క తేలకపోయినా, ఇంజిన్ లైటు ఆరకుండా వెలుగుతున్నా అప్పుడు షెడ్డుకెళ్లండి. స్కానర్ పెట్టి చూశాకే ఏదైనా మార్చమనండి.

వచ్చే పండక్కా? బ్యాటరీ బాగున్నదైతే పదిహేను రోజులకు వైరు తీయక్కర్లేదు. నెలలు దాటేట్టుంటే తీయండి. తీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు అదే చివర. కారు తాళాలు మాత్రం డిక్కీలో పెట్టి మూసేయకండి!