షాంక్3: తగ్గినా కష్టమే, పెరిగినా కష్టమే

నాడీకణం మీద గ్లుటమేట్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు ఒకచోట పాతుకుపోయి ఉండవు. కణం లోపల తయారై పైపొరకు చేరతాయి, ఆ పొరలో అటూ ఇటూ జారుతుంటాయి, కొంతసేపటికి మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి. రెండు నాడీకణాలు కలిసే సినాప్స్ దగ్గర వీటిలో ఎన్ని నిలిచి ఉన్నాయన్నదే ఆ సంధి బలాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. కాబట్టి రిసెప్టర్ ఎలా పనిచేస్తోందని మాత్రమే చూస్తే చాలదు, దాన్ని అక్కడ ఏది పట్టి ఉంచుతోందో కూడా చూడాలి.

పట్టి ఉంచేవి స్కాఫోల్డ్ ప్రోటీన్లు, రేవులో పడవలను కట్టే గుంజల్లాంటివి. వాటిలో ఒకటైన షాంక్3, గ్లుటమేట్ రిసెప్టర్లలో ఒకటైన ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ను నేరుగా ముట్టుకోదు. రిసెప్టర్ తోకను పీఎస్‌డీ-95 పట్టుకుంటుంది, పీఎస్‌డీ-95ను శాపాప్, శాపాప్‌ను షాంక్3. అదే షాంక్3 హోమర్ అనే ఇంకో ప్రోటీన్ ద్వారా ఎంగ్లూర్5 అనే మరో గ్లుటమేట్ రిసెప్టర్‌తోనూ, కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ పోగులతోనూ ముడిపడి ఉంటుంది. ఇన్ని ముడులు కలిసేచోట లోపం వస్తే రిసెప్టర్లు చెక్కుచెదరకపోయినా సంధి బలహీనపడుతుంది.

షాంక్3 జన్యువు 22వ క్రోమోజోమ్ చివర ఉంది. ఆ కొస తెగిపోయి పుట్టిన పిల్లల్లో వచ్చేదే ఫెలన్-మెక్‌డెర్మిడ్ సిండ్రోమ్. ఒళ్లు మెత్తగా వేలాడుతుంది, మాటలు చాలా ఆలస్యంగా వస్తాయి లేదా అసలు రావు. చాలామందిలో ఆటిజం, కొందరిలో మూర్ఛ కనిపిస్తాయి. జతలోని మరో 22వ క్రోమోజోమ్‌పై ఉన్న జన్యువు ప్రతి బాగానే ఉన్నా, అదొక్కటీ చేసే ప్రోటీన్ మెదడుకు సరిపోదు. ఈ ఒక్క జన్యువులో మార్పులున్నా ఆటిజం రావచ్చని 2007లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ బృందం చూపింది. దీనికి ఎదురుగా, 2013లో ఎలుకల్లో ఈ ప్రోటీన్‌ను పెంచి చూస్తే అతి చురుకుదనం, మూర్ఛ లక్షణాలు బయటపడ్డాయి.

నన్ను అన్నిటికంటే కదిలించింది 2016లో ఎంఐటీలో గోపింగ్ ఫెంగ్ బృందం చేసిన ప్రయోగం. పుట్టుకతో షాంక్3 జన్యువు పనిచేయని ఎలుకల్లో, అవి పెద్దవయ్యాక ఆ జన్యువును తిరిగి పనిచేయించారు. తోటి ఎలుకలతో కలవడం మెరుగైంది, ఒళ్లు పదే పదే రుద్దుకోవడం తగ్గింది. ఆందోళన, కదలికల సమన్వయ లోపం మాత్రం పోలేదు. జన్యువును చిన్నప్పుడే పనిచేయిస్తే వాటిలోనూ కొంత మెరుగు కనిపించింది. ఎదిగిన మెదడులోనూ కొంత బాగుచేయడం సాధ్యమేనన్నది చిన్న విషయం కాదు.

అయితే మనిషి దగ్గరకు వచ్చేసరికి ఇబ్బందులున్నాయి. జన్యువులను మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో షాంక్3 పూర్తి పాఠం పట్టదు, అందుకే కుదించిన రూపాలను తయారుచేస్తున్నారు. అవి చేరాక కూడా ఏ కణానికి ఎంత ప్రోటీన్ అందుతుందో నిక్కచ్చిగా అదుపుచేయడం కష్టం. తక్కువైనా, ఎక్కువైనా చేటు చేసే ప్రోటీన్‌తో అసలు చిక్కు అక్కడే ఉంది.