మందు పంపు తాగే బోరు దగ్గర నింపకండి



తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతాల క్యాంపుల్లో మనవాళ్లు స్థిరపడి రెండు మూడు తరాలైంది. చాలామందికి పొలం పక్కనే ఇల్లు, ఇంటి పక్కనే బోరు. తాగే బిందె, మందు కలిపే డ్రమ్ము ఒకే గొట్టం కింద నింపడం మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి జరిగింది. తప్పు మాదే. అందుకే ఈ నాలుగు మాటలు.

పొలంలో కొట్టిన మందు కొంత మట్టికి అంటుకుంటుంది, కొంత మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల విరిగిపోతుంది. బోరు పక్కన ఒలికిన మందుకు అంత సమయం దొరకదు. కేసింగు చుట్టూ సిమెంటు సరిగ్గా లేకపోతే పైపును ఆనుకుని నేరుగా దిగిపోతుంది. ఎండాకాలం నల్లరేగడిలో పడే బీటలు, అడుగున రాతి పగుళ్లు కూడా దానికి దారులే.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. గొట్టం కొస డ్రమ్ములో మునిగి ఉండగా కరెంటు పోతే, పైపులో నీరు వెనక్కి జారుతూ డ్రమ్ములోని మందునీటిని బోరులోకి లాగవచ్చు.

ఎంత మందు పడితే హాని? తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మోనోక్రోటోఫాస్ లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదు. అంటే ఒక్క గ్రాము 10 లక్షల లీటర్లను ఆ హద్దుకు తెస్తుంది. 36 శాతం మందులో ఆ గ్రాము 3 మి.లీ. లోపే ఉంటుంది. డబ్బా కడిగిన నీళ్లలో అంత ఉండదా?

కాచితే పోతుందనుకోవద్దు. కాచినా, క్లోరిన్ కలిపినా చచ్చేది క్రిములే. టీడీఎస్ మీటరు మందును చూపించదు. రుచి, వాసన బాగున్నంత మాత్రాన నమ్మలేం. ఆర్.ఓ., బొగ్గు ఫిల్టర్లు చాలా మందులను తగ్గిస్తాయి కానీ, వేళకు మార్చకపోతే దండగ.

చేయవలసినవి:

1. మందు కలపడం, పంపు కడగడం బోరుకు, బావికి, కాలువకు దూరంగా పొలంలోనే చేయండి. నీళ్లు బిందెతో మోసుకెళ్లండి.
2. గొట్టం కొస ఎప్పుడూ డ్రమ్ములోని నీటికి పైనే ఉండాలి.
3. డబ్బా మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పంపులోనే పోయండి. ఖాళీ డబ్బాలో తాగునీరు పట్టవద్దు.
4. కేసింగు చుట్టూ సిమెంటు గట్టు, బయటికి వాలు ఉండేలా చూసుకోండి.
5. డబ్బాతో వచ్చే కాగితం మన పెద్దలు చదవలేకపోతే, కన్నడ బడిలో చదివే పిల్లల చేత చదివించండి.

పరీక్షకు నీళ్లిచ్చేటప్పుడు అర్జీలో 'పురుగుమందుల అవశేషాల పరీక్ష' అని స్పష్టంగా రాయండి. మామూలు పరీక్షలో అది ఉండదు. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఆ ముద్ర విలువ నాకు తెలుసు.

ఈ పంటకాలానికి ముందే ఇంటింటా ఈ విషయం మాట్లాడుకుందాం. ఒకరి బోరులో పడింది పక్కింటి బోరుకూ చేరవచ్చు.

— కార్యదర్శి, తెలుగు సంఘం