కాచిగూడలో దిగిన విద్యార్థి

పల్లెనుండి పట్నమునకు చదువుకొనవచ్చిన పిల్లవానికి కళాశాల పేరు ముందు తట్టదు. ఆ రాత్రి తలదాచుకొను చోటు తట్టును. 1916లో నిర్మితమైన కాచిగూడ రైలు స్టేషనులో దిగి, చేత ఇనుపపెట్టె, చంకలో పరుపుచుట్ట, జేబులో ఊరి పంతులుగారు వ్రాసియిచ్చిన ఉత్తరముతో నిలిచిన పాలమూరు బాలురెందరో! కళాశాలను ఎన్నుకొనుట యనగా భవనమును చూచి ముచ్చటపడుట కాదని అట్టివారి అనుభవము నేర్పును. ఏ భాషలో చదువవలెను? ఎక్కడ తినవలెను? తరగతి ముగిసిన పిదప ఏమి చదువవలెను? ఈ మూడు ప్రశ్నలకు దొరకిన జవాబే నిజమైన ఎన్నిక.

మొదటిది భాష. ఆనాటి హైదరాబాదులో రెండు దారులుండెను. ఆబిడ్సుకు చేరువనున్న నిజాం కళాశాల 1887లో వెలసినది. సరోజినీ నాయుడుగారి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయులు దానికి తొలి ప్రిన్సిపాలు. 1947 వరకు అది మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉండెను. అక్కడి బోధన ఇంగ్లీషులో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము రెండవ దారి. అక్కడ వైద్యము, ఇంజనీరింగు సైతము ఉర్దూలో బోధించిరి. అందులకు కావలసిన గ్రంథములను సమకూర్చుటకు 1917లోనే అనువాదశాఖను నెలకొల్పిరి. ఉన్నతవిద్యను దేశభాషలో గరపవచ్చునని నిరూపించిన సాహసమది. కాని తెలుగు బాలునకు ఆ దేశభాష తన ఇంటి భాష కాదు. ఇంగ్లీషు దారి మద్రాసు వైపునకు, ఉర్దూ దారి నిజాము కచేరీల వైపునకు పోయెడిది. అమ్మతో మాటలాడిన భాష రెండు దారులలోను వెనుకనే నిలిచిపోయెడిది.

ఈ బాధ బాలికల విషయమున మరింత స్పష్టమగును. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలైన పెద్దలు నారాయణగూడలో తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి. తెలుగులో నేర్చిన చదువునకు ఊరనున్న విశ్వవిద్యాలయము గుర్తింపు దొరకలేదు. అందుచేత ఆ బాలికలు పూనాలో కర్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు కూర్చుండవలసి వచ్చినది. ఇంటి పక్కనున్న విద్యాలయము దూరమై, పరరాష్ట్రపు విద్యాలయము దగ్గరయ్యెను. 1924లో ఆరంభమైన మహిళా కళాశాల 1949లో కోఠీలోని రెసిడెన్సీ భవనమునకు మారినది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. నేడు ఆ పెద్ద స్తంభముల నడుమ నడచు విద్యార్థినులు, తమకు ముందొక తరము పరీక్ష కొరకు పూనా వైపు చూచినదని తెలిసికొనవలెను.

రెండవ ప్రశ్న కూడు, గూడు. రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో నెలకొన్న రెడ్డి హాస్టలు ఎందరో గ్రామీణ విద్యార్థులకు ఆ ప్రశ్నను తీర్చినది. గోలకొండ పత్రికా సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వహణ భారము వహించిరి. అట్టి పండితుని నీడలో భోజనశాల సైతము ఒక పాఠశాలయే. నాంపల్లిలో 1985లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయమునకు 2025లో వారి పేరు పెట్టుట ఉచితముగా నున్నది.

మూడవది గ్రంథాలయము. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కాచిగూడకు కాలినడక దూరమున, సుల్తాన్‌బజారులో ఉన్నది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ప్రేరణ, రావిచెట్టు రంగారావుగారి ఔదార్యము, మునగాల రాజావారి అండ దానికి పునాదులు. కళాశాల ఇవ్వని తెలుగును అది ఉచితముగా ఇచ్చినది.

అయితే ఎన్నుకొన్న కళాశాల తలుపు మూసికొన్నచో? 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతర గీతము పాడరాదని నిషేధించిరి. విద్యార్థులు లొంగలేదు, పెక్కుమంది బహిష్కృతులైరి. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచినది. అక్కడ చదువు కొనసాగించిన వారిలో పి.వి. నరసింహారావుగారొకరు; 1991లో ఆయన దేశ ప్రధానియైరి. కళాశాల కొరకు తమ మాటను విడువక, మాట కొరకు కళాశాలను విడిచినవారు వారు.

నేడు కాచిగూడ పిల్లలకు ఎన్నికకు కొదువలేదు. వాణిజ్యవిద్యకు స్టేషను చేరువనే 1950నాటి బద్రూకా కళాశాల కలదు. పెక్కుమంది చూపు చికాగో, న్యూయార్కు వంటి మహానగరముల వైపునకు పోవుచున్నది. అచ్చటను ప్రశ్నలు మారవు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదివిరి. కళాశాల పేరు గొప్పదే. కాని అది కడుపు నింపలేదు. రాత్రివేళ ఆసుపత్రిలో ఊడిగపు పని చేసి ఆయన నిలద్రొక్కుకొనిరి. ఆ పిదపనే, 1929లో, ప్రాణికోటికి శక్తినిచ్చు ఏటీపీ అను పదార్థమును ఫిస్కేతో కలిసి వెల్లడించిరి. ఆ కష్టము అందరును పడవలెనని కాదు. బయలుదేరుటకు ముందే ఖర్చును గుణించుకొనవలెనని దాని సారాంశము. చికాగోలో రెండేండ్లు తక్కువ ఖర్చుతో కమ్యూనిటీ కళాశాలలో చదివి, పిదప విశ్వవిద్యాలయమునకు మారు దారియును కలదు. పేరుకు మురిసినవాడు ఆ దారిని గమనింపడు.

పూర్వపు పంతులుగారి ఉత్తరము నేడు సిఫారసు లేఖయైనది. దానిపై సంతకము చేయు ఉపాధ్యాయుడు శిష్యుని దగ్గర కూర్చుండబెట్టుకొని ఆ మూడు ప్రశ్నలను అడుగవలెను. నీకు పాఠము అర్థమగు భాష యేది? నెల చివర నీ భోజనమునకు ఆధారమేమి? సాయంకాలము నీవు చదువుకొను చోటెక్కడ? వీనికి శిష్యుడు తడుముకొనక జవాబు చెప్పిననాడు, అతడు దిగు స్టేషను కాచిగూడయైనను చికాగోయైనను గురువు నిశ్చింతగా ఉత్తరము వ్రాయవచ్చును.