ఇఱ్ఱి యెక్కడ?

‘జింక’ యను మాట యొక్కటి మనకు మిగిలినది. కొమ్మున్నదియు, లేనిదియు, నల్లనిదియు, చుక్కలదియు నన్నియు మనకు జింకలే. పూర్వు లింత పేదలు కారు. మగజింకను వారు ‘ఇఱ్ఱి’ యనిరి. తమిళుల ‘ఇరలై’, కన్నడిగుల ‘ఎరళె’ దీని చుట్టములు. కాలక్రమమున నర్థము సడలి యే జింకకైనను చెల్లినమాట నిజమే. కాని మునులు పఱచుకొను కృష్ణాజినమును ‘ఇఱ్ఱితోలు’ అనుటవలన, మన పెద్దల మనస్సులో మెదలిన మృగ మేదో తెలియుచున్నది. వడుగునాఁడు జందెమునకుఁ గట్టు తోలుముక్కయు నదియే. కట్టించుకొన్నవారిలో నెంద ఱా పే రెఱుఁగుదురో!

మగదానికి వేఱు పేరేల? చెన్నపురిలోని తెలుగువారికి సమాధానము చేరువనే యున్నది. 1978లో జాతీయవనమైన గిండీలో చుక్కలదుప్పియు, కృష్ణమృగమును గూడ నున్నవి. దుప్పి కొమ్ములు శాఖలుగాఁ జీలును. రాలి మరల మొలచును. కృష్ణమృగపుఁ గొమ్ములు మెలితిరిగి యుండును, రాలవు. నిజమునకు శాస్త్రజ్ఞు లీ రెండవదానిని ఆవు, మేఁకల కుటుంబమునఁ జేర్చిరి. దీని యాఁడుది గోధుమవన్నెది, సాధారణముగాఁ గొమ్ములు లేనిది. మగది యీడు వచ్చినకొలఁది నల్లఁబడును. ఎఱుఁగనివాఁడు చూచిన నవి రెండు వేర్వేఱు జాతులనుకొనును.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. 2014లో తెలంగాణము తన రాష్ట్రజంతువు జింక యనెను. 2018లో ఆంధ్రప్రదేశము కృష్ణజింక యనెను. మొదటిది చుక్కలదుప్పి, రెండవది మన యిఱ్ఱి జాతి.

న్యాయస్థానమున చిక్కు మఱింత పెద్దది. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో కృష్ణమృగ మున్నది. 2022 సవరణ పిదపను నున్నది. చుక్కలదుప్పి యందు లేదు. మొదటి షెడ్యూలు మృగమును వేటాడినవానికి మూఁడేండ్లకుఁ దక్కువ కాని కారాగారవాసము. సాక్షి బోనెక్కి ‘జింకను గొట్టిరి’ అనును. ఏ జింక? ముద్దాయి వకీలు అడుగకుండునా? తోలో, కొమ్మో, మాంసమో దొరకినచోఁ బరీక్షకులు తేల్తురు. ఏమియు దొరకనినాఁడు సాక్షి నోటిమాటయే యాధారము; ఆ నోట నున్నది ‘జింక’ యొక్కటే.

‘కృష్ణజింక’ తప్పని నే ననను. ఆఁడుదానికి మాత్ర మా పేరు నప్పదు. బడిపుస్తకములలో మెలికకొమ్ముల నల్లని మృగము బొమ్మ క్రింద ‘ఇఱ్ఱి’ యని కూడ నచ్చు వేయుటకుఁ బట్టునది మూఁడు నాలుగక్షరముల చోటు.