ఒకే ‘హైదరాబాద్’... రెండు రాతలు!

పాత మ్యాక్ కంప్యూటర్‌లో ‘హైదరాబాద్’ అనే ఫోల్డర్ ఉందనుకుందాం. దాన్ని ఉన్నదున్నట్లుగా లినక్స్ సర్వర్‌లోకి కాపీ చేశాం. ఆ ఫోల్డర్ ఎక్కడుందో ప్రోగ్రామ్‌కు తెలిపేందుకు కాన్ఫిగరేషన్ ఫైలులో అదే పేరు టైపు చేశాం. అయినా ‘అలాంటి ఫోల్డర్ లేదు’ అనే సందేశం రావచ్చు. తెరపై రెండు పేర్లూ అచ్చు ఒకేలా ఉంటాయి. మరి తేడా ఎక్కడ?

తేడా ‘హై’లోని ఐత్వంలో ఉంది. యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే సంకేతం ఉంది. ఎత్వం, దాని కింద రాసే ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలను కలిపినా అదే రూపం వస్తుంది. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసి దాచేది. మనం కీబోర్డుతో టైపు చేసేది సాధారణంగా కలిపిన రూపం. యుటిఎఫ్-8 పద్ధతిలో మొదటిదానికి 30 బైట్లు, రెండోదానికి 27 బైట్లు పడతాయి. లినక్స్ సాధారణంగా రూపాన్ని కాదు, బైట్లనే పోల్చి చూస్తుంది. అందుకే అవి దాని దృష్టిలో వేర్వేరు పేర్లు. 2017లో మ్యాక్‌లకు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ వ్యవస్థ పేరును ఇచ్చినట్లే దాస్తుంది. కానీ పాత డిస్కుల నుంచి వచ్చే ఫైళ్లతో ఈ చిక్కు ఇంకా ఎదురవుతుంది.

టైప్‌రైటర్ నాటి వారసత్వం

కంటికి కనిపించని మరో తేడా వరుస చివర ఉంటుంది. టెలిటైప్ యంత్రాల్లో కొత్త వరుస మొదలు కావాలంటే రెండు పనులు జరగాలి. అచ్చు భాగం ఎడమ అంచుకు రావాలి, కాగితం ఒక వరుస పైకి జరగాలి. వీటికి ఆస్కీలో 13, 10 అనే సంకేతాలు ఇచ్చారు. విండోస్ నేటికీ రెండింటినీ వాడుతుంది. యూనిక్స్, లినక్స్ 10తోనే సరిపెట్టుకున్నాయి. పాత మ్యాక్ ఓఎస్ 13ను ఎంచుకుంది. విండోస్‌లో రాసిన స్క్రిప్టును లినక్స్‌లో నడిపితే, మొదటి వరుసలోని ప్రోగ్రామ్ పేరుకు ఆ 13 అంటుకుపోతుంది. అలాంటి పేరుతో ప్రోగ్రామ్ దొరకదు కాబట్టి స్క్రిప్టు ఆగిపోతుంది. విండోస్ నోట్‌ప్యాడ్ కూడా 2018 వరకు లినక్స్ ఫైళ్లలోని వరుసలన్నింటినీ ఒకే వరుసగా చూపేది.

మొదట్లోనే అడ్డంకి

కొన్ని ఎడిటర్లు యుటిఎఫ్-8 ఫైలు మొదట్లో ‘బామ్’ అనే మూడు బైట్ల గుర్తు పెడతాయి. వాటి విలువలు 239, 187, 191. దీన్ని ఊహించని ప్రోగ్రామ్ అది మొదటి పదంలో భాగమే అనుకుంటుంది. దాంతో మొదటి సెట్టింగ్ పేరే తప్పుతుంది.

బ్యాక్‌స్లాష్‌ది ఇంకో కథ. విండోస్‌లో అది ఫోల్డర్ల పేర్లను విడదీసే గీత. జేసన్ వంటి ఫార్మాట్లలో మాత్రం తర్వాతి అక్షరానికి ప్రత్యేక అర్థం ఇచ్చే గుర్తు. దాని వెనుక ఆంగ్ల ‘టి’ వస్తే ట్యాబ్, ‘ఎన్’ వస్తే కొత్త వరుస అని అర్థం. అందుకే ‘టెంప్’ అనే ఫోల్డర్ దారి రాస్తే, అందులోని మొదటి అక్షరం మాయమై ఖాళీ మిగులుతుంది. బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు రాయడం దీనికి విరుగుడు.

ఏం చేయాలి?

ఫైలును బామ్ లేని యుటిఎఫ్-8లో దాచాలి. లినక్స్‌లో వాడేదైతే వరుస ముగింపును ‘ఎల్ఎఫ్’గా ఎంచుకోవాలి. వర్డ్ ప్రాసెసర్ నుంచి కాపీ చేస్తే వంపు కొటేషన్ గుర్తులు వస్తాయి, వాటిని నిటారు గుర్తులుగా మార్చాలి. ప్రోగ్రామ్ రాసేవారు పేర్లను పోల్చే ముందు రెండింటినీ ఒకే యూనికోడ్ రూపంలోకి తేవాలి. దీన్నే నార్మలైజేషన్ అంటారు. అప్పుడు రైతు, మైలవరం, హైదరాబాద్ వంటి పేర్లు ఏ యంత్రంలో రాసినా ఒకటిగానే కుదురుతాయి. కారణం దొరకని లోపం ఎదురైతే, ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిచి బైట్లను చూడండి. తెర దాచిన తేడాను అవి బయటపెడతాయి.