తడిచేతి లెక్క

ఒకే గ్రైండరు, ఒకే ప్లగ్గు. పొడిచేత్తో ముట్టుకున్నవారికి చిమచిమలాడి ఊరుకుంటుంది. బియ్యం కడిగిన చేత్తో ముట్టుకున్నవారిని ఈడ్చి కొడుతుంది. దీన్ని జాతకం కింద జమకట్టే ఇళ్ళున్నాయి. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణే అయినా, ఇందులో వున్నది ఒక్క భాగహారమేనని చెప్పగలను.

కరెంటును తోసే ఒత్తిడి వోల్టేజి. మేడమీది తొట్టిలో నీటి ఎత్తులాంటిది. దారిలోని అడ్డు నిరోధం. వోల్టులను ఓములతో భాగిస్తే, పారే కరెంటు ఎన్ని ఆంపియర్లో వస్తుంది. జర్మనీలో తాళాలు చేసే ఆయన కొడుకు, ఓమ్ అనే బడిపంతులు, 1827లో ఈ సూత్రాన్ని పుస్తకంలో వివరిస్తే స్వదేశంలో పెదవి విరిచారు; 1841లో లండన్ రాయల్ సొసైటీ పతకమిచ్చింది. పంతుళ్ళ మాట ఇంట్లోవాళ్ళు వినకపోవడం కొత్త కాదు మరి!

మన ఇళ్ళలో ఒత్తిడి 230 వోల్టులు. మారేది మన ఒంటి అడ్డే. పొడి చర్మానికి వేలకొద్దీ ఓముల నిరోధం వుంటుంది. తడిస్తే అది వెయ్యికి దిగిపోవచ్చు. భాగించండి: 0.23 ఆంపియరు. 60 వాట్ల ఫిలమెంటు బల్బు తీసుకునేదీ సుమారు అంతే. అందులో సగం రొమ్ముగుండా పారినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు.

చేతులు తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని మరీ స్విచ్చి వెయ్యండి. చిమచిమలాడిన గ్రైండరును మాత్రం మెకానిక్కు చూసి బాగుచేసేదాకా ముట్టుకోకండి.